పొలిమేర దాటే పనిముట్టు
(ప్రసంగ పాఠం)



బతుకుతెరువు వెదుక్కుంటూ ఈ నగరానికి వచ్చి స్థిరపడిన తెలుగువారు తమ వెంట భాషను తెచ్చుకున్నారు, వంటను తెచ్చుకున్నారు, పండుగలను తెచ్చుకున్నారు. చాలామంది మూటల అడుగున మరొక వస్తువు కూడా వచ్చింది. అది కత్తి. వంటవాడి సంచిలో కూరలు తరిగే కత్తి, చేపలమ్మే స్త్రీ గంపలో కత్తిపీట, క్షురకుని పెట్టెలో మంగలి కత్తి, బొండాలు కొట్టేవాని గోనెలో బరువైన కత్తి, తోటపనివాని చేతిలో కొడవలి, వడ్రంగి దగ్గర బాడిస, ఉలి. వీటిలో ఏ ఒక్కటీ ఎవరికీ హాని చేయడానికి తెచ్చుకున్నది కాదు. అయినా రైల్వే స్టేషన్లో, బస్టాండులో, మెట్రో ద్వారం దగ్గర సంచి తెరవమన్నప్పుడు వీటి యజమానుల గుండెలు దడదడలాడుతాయి. చట్టం ఏమి చెబుతున్నదో తెలియకపోవడమే ఆ దడకు సగం కారణం. ఆ సగాన్ని తొలగించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో, జంఝావతి నది దగ్గర కొండల నడుమ ఉన్న నారాయణపట్న ఇందుకు తగిన ఉదాహరణ. అక్కడి సంతలో కువి, ఒడియా, తెలుగు మూడు భాషలూ వినిపిస్తాయి. కొండ మీది పల్లెల నుంచి దిగివచ్చే కోందు ఆదివాసులు భుజాన గొడ్డలి వేసుకొని నడవడం అక్కడ వింత కాదు. ఒడియాలో దానిని టంగియా అంటారు. కట్టెలు కొట్టడానికి, దారికి అడ్డమైన కంప నరకడానికి, అడవిలో ధైర్యానికి అది తోడు. ఎందుకు పట్టుకున్నావని అక్కడ ఎవరూ అడగరు. అదే మనిషి అదే గొడ్డలి భుజాన వేసుకొని ఒక మహానగరపు రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడితే పదిమంది పక్కకు తప్పుకుంటారు, పదకొండవవాడు పోలీసును పిలుస్తాడు. మనిషి మారలేదు, ఇనుము మారలేదు. చోటు మారింది.

సరిహద్దు కూడా ఒకప్పుడు ఇప్పుడున్న చోట లేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు ఇప్పటి కోరాపుట్, రాయగడ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో, జయపురం సంస్థానంలో భాగం. అప్పట్లో నారాయణపట్న నుంచి పార్వతీపురం సంతకు కొడవలి తీసుకుపోయినవాడు ఒకే జిల్లాలో నడిచాడు. ఇప్పుడు అదే దారిన పోయేవాడు ఒడిశా దాటి ఆంధ్రప్రదేశ్‌లో, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో అడుగుపెడతాడు. అందువల్లనే ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. ఒక రాష్ట్రంలో ఒప్పైన కత్తి మరొక రాష్ట్రంలో తప్పవుతుందా?

ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ఒక యువకుని ప్రయాణాన్ని ఊహించుకోవాలి. నారాయణపట్న దగ్గరి పల్లెలో పుట్టినవాడు. తండ్రి తాటిచెట్లు, కొబ్బరిచెట్లు చెక్కి సంసారం ఈదినవాడు. ఆయన పోయాక ఇంట్లో మిగిలిన ఆస్తి ఊరి కమ్మరి కొలిమిలో కొట్టించిన ఒక కత్తి. పిడి అరిగింది గాని అలుగు చెక్కుచెదరలేదు. నగరంలో కొబ్బరిబొండాల బండి మీద పని దొరికిందని కబురు వచ్చింది. బంధుగావ్ మీదుగా బస్సులో పార్వతీపురం చేరి, అక్కడ రైలెక్కి, విజయనగరంలో మరొక రైలు మారాలి. బయలుదేరే ముందు కత్తిని నడుముకు దోపుకోబోతుంటే మేనమామ చేయి పట్టుకొని ఆపాడు.

"ఒరే అల్లుడూ, నడుముకి దోపితే అది కత్తిరా. గోనెలో చుట్టి మూట అడుగున పెడితే అది పనిముట్టు."

మేనమామ చదువుకున్నవాడు కాడు. ఆయన మాట చట్టంలో ఈ అక్షరాలతో లేదు. కాని చట్టపు సారానికి అది చాలా దగ్గర.

ఆయుధాలకు సంబంధించిన చట్టాలు చేసే అధికారం రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని మొదటి జాబితా, అంటే కేంద్ర జాబితా, 5వ అంశం కింద పార్లమెంటుకు ఉన్నది. కాబట్టి మూల చట్టం దేశమంతటికీ ఒక్కటే. అది 1959 నాటి ఆయుధాల చట్టం. 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఒడిశాకు ఒకటి, ఆంధ్రకు మరొకటి, తెలంగాణకు వేరొకటి అంటూ ప్రత్యేక ఆయుధ చట్టాలు లేవు. ఈ మాట గుర్తుంచుకుంటే సగం భయం పోతుంది. రాష్ట్రపు పొలిమేర దాటినంత మాత్రాన పనిముట్టు ఆయుధంగా మారిపోదు.

1959 చట్టానికి ముందు ఉన్నది 1878 నాటి ఆయుధాల చట్టం. పరాయి పాలకులు తెచ్చిన ఆ చట్టం తుపాకులనూ కత్తులనే కాక విల్లంబులను కూడా ఆయుధాల పట్టికలో చేర్చింది. స్వతంత్ర భారతదేశపు చట్టం మరొక దృష్టితో రాసినది. 2వ సెక్షన్లో ఆయుధానికి ఇచ్చిన నిర్వచనం ప్రకారం, దాడికి గాని ఆత్మరక్షణకు గాని ఆయుధంగా తయారుచేసిన, లేదా అందుకు అనువుగా మార్చిన వస్తువులు ఆయుధాలు. పదునైన అంచు గల ప్రాణాంతక వస్తువులు కూడా అందులో చేరతాయి. అయితే కేవలం ఇంటి పనికీ వ్యవసాయానికీ తయారైన వస్తువులు ఆ నిర్వచనంలోకి రావు. లాఠీని, మామూలు చేతికర్రను చట్టమే ఉదాహరణగా పేర్కొన్నది. పిల్లల ఆటబొమ్మలు కూడా అందులోకి రావు. అంటే చట్టం మొదట అడిగే ప్రశ్న ఎంత పొడవు అన్నది కాదు, దేనికోసం తయారైంది అన్నది.

పొడవు ప్రశ్న ఆ తరువాత వస్తుంది. 2016 నాటి ఆయుధ నియమావళి మొదటి షెడ్యూలులో ఆయుధాలను తరగతులుగా విభజించారు. తుపాకులు కాని ఆయుధాలు ఐదవ తరగతిలోకి వస్తాయి. కత్తికర్రలతో సహా ఖడ్గాలు, బాకులు, బాయొనెట్లు, ఈటెలు, గండ్రగొడ్డళ్లు, కిర్పాన్, కుక్రీలతో సహా కత్తులు, ఆ కోవకు చెందిన ఇతర ఆయుధాలు ఆ పట్టికలో కనిపిస్తాయి. అలుగు తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు ఉండడం అక్కడ చెప్పిన కొలత. తొమ్మిది అంగుళాలంటే తెలుగువారి జాన. చేయి చాపి బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస వరకు కొలిస్తే వచ్చేది సుమారుగా అదే. రెండు అంగుళాలంటే దాదాపు ఐదు సెంటీమీటర్లు. ఆ వాక్యంలోనే మరొక ముఖ్యమైన మాట ఉన్నది. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్రీయ అవసరాలకు, పరిశ్రమలకు తయారైన వాటికి ఈ కొలత వర్తించదు.

దీనిని నిత్యజీవితానికి అన్వయించుకుంటే విషయం తేటపడుతుంది. చేపలు కోసే కత్తిపీట అలుగు జానకు మించి ఉండవచ్చు. అది ఇంటి పనిముట్టు. బొండాలు కొట్టే కత్తి రెండంగుళాలకు మించి వెడల్పు ఉండవచ్చు. అది పనికోసం తయారైనది. చెరుకు నరికే కత్తి, వరి కోసే కొడవలి, మాంసం కొట్టే బరువు కత్తి కూడా అంతే. మరోవైపు రెండు వైపులా పదును, పొడవడానికి సూదిలాంటి మొన, చేయి జారకుండా పిడికి అడ్డుకట్ట, నడుముకు తగిలించే ఒర, వీటన్నిటితో అలంకారంగా అమ్మే బాకు జానెడు లేకపోయినా అది ఏ వంటింటి పనికీ తయారైనది కాదని చూడగానే తెలుస్తుంది. మీట నొక్కితే అలుగు బయటికి దూకే బటన్ కత్తి కూడా ఆ కోవలోదే. ఫోనులో బొమ్మ చూసి, ధర తక్కువని ముచ్చటపడి ఇలాంటివి తెప్పించుకునే యువకులు ఉన్నారు. కొరియరు గుమ్మం దాకా తెచ్చి ఇచ్చినంత మాత్రాన ఆ వస్తువు చట్టబద్ధం కాదు. అమ్మినవాడు ఎక్కడో ఉంటాడు. పోలీసుల ముందు నిలబడవలసింది కొన్నవాడే.

తుపాకికి దేశమంతటా లైసెన్సు కావాలి. ఇతర ఆయుధాల సంగతి వేరు. 4వ సెక్షన్ ప్రకారం, ఒక ప్రాంతంలో ప్రజాహితం దృష్ట్యా అవసరమని భావించినప్పుడు, ఫలానా రకపు ఆయుధాలను అక్కడ లైసెన్సు లేకుండా సంపాదించడం, కలిగి ఉండడం, వెంట తీసుకుపోవడం కూడదని కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. ఆ అధికారాన్ని కింది ప్రభుత్వాలకు అప్పగించే వీలూ ఉన్నది. చట్టం దేశానికంతటికీ ఒక్కటే అయినా నోటిఫికేషన్ ప్రాంతానికి పరిమితం. సరిహద్దు దాటినప్పుడు నిజంగా మారేది ఇదే.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఢిల్లీ. అక్కడ 1980 అక్టోబరు 29 నాటి నోటిఫికేషన్ బటన్ కత్తుల వంటి వాటిపై ఆంక్ష పెట్టింది. అలుగు 7.62 సెంటీమీటర్లు లేదా అంతకు మించిన పొడవు, 1.72 సెంటీమీటర్లు లేదా అంతకు మించిన వెడల్పు ఉన్నవి దాని పరిధిలోకి వస్తాయి. 7.62 సెంటీమీటర్లంటే మూడు అంగుళాలు మాత్రమే. జాన కొలత ఒక్కటే గుర్తుపెట్టుకొని ఢిల్లీకి పోయినవాడు పొరపడతాడు. 4వ సెక్షన్ నోటిఫికేషన్‌ను ఉల్లంఘిస్తే 25వ సెక్షన్ కింద ఏడాదికి తక్కువ కాకుండా మూడేళ్ల వరకు జైలు, దానితో పాటు జరిమానా పడవచ్చు. తగిన ప్రత్యేక కారణాలుంటే న్యాయస్థానం శిక్ష తగ్గించవచ్చు. నోటిఫికేషన్ ఉన్నదని, పట్టుబడిన వస్తువు దాని పరిధిలోకి వస్తుందని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలని న్యాయస్థానాలు పలుమార్లు స్పష్టం చేశాయి. ఆ రుజువు లేక వీగిపోయిన కేసులు ఉన్నాయి. కాని వీగిపోయే వరకు వాయిదాలకు తిరగవలసింది కూలివాడే.

రెండవ మార్పు జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వుల వల్ల వస్తుంది. పూర్వం 144వ సెక్షన్‌గా పేరుపడిన అధికారం 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163వ సెక్షన్‌గా ఉన్నది. ఎన్నికలు, ఉత్సవాలు, ఉద్రిక్తతల సమయంలో బహిరంగ ప్రదేశాల్లో కర్రలు, కత్తులు, గొడ్డళ్లు పట్టుకొని తిరగరాదని ఈ సెక్షన్ కింద ఉత్తర్వులు వెలువడుతుంటాయి. సాధారణంగా అవి రెండు నెలలకు మించి ఉండవు. రాష్ట్ర ప్రభుత్వం పొడిగించవచ్చు. ఓటు వేయడానికి సొంతూరికి బయలుదేరేవారు ఈ మాట మరువరాదు. ఓట్ల పండుగ రోజుల్లోనే సంచుల తనిఖీ ఎక్కువగా ఉంటుంది.

మూడవది ఆయుధాల చట్టంలోని 20వ సెక్షన్. ప్రయాణికులు తప్పక తెలుసుకోవలసినది ఇదే. ఎవరైనా ఆయుధాన్ని, లైసెన్సు ఉన్నా లేకపోయినా, చట్టవిరుద్ధమైన పనికి వాడతారేమో అన్న సహేతుకమైన అనుమానం కలిగే రీతిలో తీసుకుపోతుంటే, పోలీసు అధికారి గాని, ఇతర ప్రభుత్వోద్యోగి గాని, రైలు, విమానం, ఓడ, బస్సు వంటి వాహనాల్లో పనిచేసేవారు గాని వారంటు లేకుండా పట్టుకొని ఆ ఆయుధాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. 23వ సెక్షన్ వాహనాలను ఆపి సోదా చేసే అధికారాన్ని ఇస్తున్నది. ఇక్కడ వస్తువుతో పాటు దాన్ని పట్టుకుపోయే తీరును కూడా చట్టం చూస్తున్నది. మేనమామ మాటలోని నిజం ఇదే.

ఇక ఆ యువకుని దగ్గరికి మళ్లీ వెళితే, అతని ప్రయాణం రెండు విధాలుగా సాగవచ్చు.

మొదటి విధం. కత్తి నడుముకు దోపుకొని, పైన కండువా కప్పి రైలెక్కాడు. దారిలో జామకాయ కోయడానికి దాన్ని బయటికి తీశాడు. ఎదుటి సీటులో పసిబిడ్డతో ఉన్న తల్లి బెదిరిపోయింది. ఎవరో ఫోను చేశారు. విజయనగరంలో రైల్వే పోలీసులు దింపారు. ఎందుకు దాచావని అడిగితే అతనికి మాట రాలేదు. ఆ మౌనమే మరింత అనుమానమైంది. కత్తి పోయింది, రైలు పోయింది, కుదిరిన పని పోయింది. ఆ పైన కేసు నడిస్తే నగరంలో పనిచేసే మనిషి ప్రతి వాయిదాకూ రెండు రోజుల కూలి, రానుపోను చార్జీలు వదులుకోవాలి.

రెండవ విధం. కత్తి అలుగుకు పాత గోనెపట్టా నాలుగు మడతలు చుట్టి, పురికొసతో బిగించి, బట్టల మూట అడుగున పెట్టాడు. పని ఇచ్చే మేస్త్రీ రాసి పంపిన కాగితం, ఆధార్ కార్డు జేబులో ఉన్నాయి. విజయనగరంలో తనిఖీ జరిగింది.

"ఏమయ్యా, మూటలో ఏముంది?"

"బట్టలండి, బియ్యమండి. అడుగున కొబ్బరిబొండాలు కొట్టే కత్తి ఉందండి."

"కత్తా? ఎవరిని కొట్టడానికి?"

"బొండాలు కొట్టడానికేనండి, బాబూ. ఇదిగోనండి, మేస్త్రీ ఇచ్చిన కాగితం. మా నాన్న పనిచేసిన కత్తండి ఇది."

కానిస్టేబులు మూట విప్పించి చూశాడు. అరిగిన పిడిని, చుట్టిన గోనెను చూశాడు. దారిలో బయటికి తీయవద్దని హెచ్చరించి పంపించాడు. ఇనుము అదే, మనిషి అతడే, చట్టమూ అదే. అడగకముందే నిజం చెప్పడం, ఒక కాగితం, నాలుగు మడతల గోనె మాత్రమే తేడా. ఈ జాగ్రత్తలు ప్రతి తనిఖీలోనూ రక్షిస్తాయన్న హామీ లేదు. అయినా అనుమానానికి తావు తగ్గిస్తాయి. కేసు అయినా న్యాయస్థానంలో తోడు నిలుస్తాయి.

కొన్ని జాగ్రత్తలు ఇక్కడ క్రోడీకరించడం ఉచితం. పనికత్తిని మిగిలిన పనిముట్లతో కలిపి ఉంచాలి. బాడిస, ఉలి, సుత్తి పక్కన ఉన్న కత్తి వడ్రంగిదని చూడగానే తెలుస్తుంది. కొన్నప్పటి రసీదు ఉంటే దాచుకోవాలి. యజమాని లేదా మేస్త్రీ రాసిన ఉత్తరం, కార్మిక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు, ఈ-శ్రమ్ కార్డు వెంట ఉంచుకోవాలి. ఒంటి మీద, చేతి సంచి పైభాగంలో, బండి సీటు కింద కత్తి ఉంచరాదు. మెట్రో రైళ్లలో సోదా మరింత కఠినంగా ఉంటుంది. పనిముట్లతో ప్రయాణించవలసినవారు ముందుగా స్టేషన్ సిబ్బందిని అడగడం, లేదా బస్సును ఎంచుకోవడం మేలు. విమానంలో కత్తిని చేతిసంచిలో ఎంతమాత్రం తీసుకుపోరాదు. అలుగుకు గట్టిగా తొడుగు చుట్టి, విమానాశ్రయంలో అప్పగించే పెట్టెలో పెట్టాలి.

సంప్రదాయానికి సంబంధించిన మాట ఒకటి ఉన్నది. కొన్ని కుటుంబాల్లో పెళ్లికొడుకు చేతికి చాకు ఇస్తారు. దసరాకు ఆయుధపూజ చేస్తారు. ఇవి ఇంటిలో, మండపంలో జరిగినంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. ఊరేగింపులో ఖడ్గాలు తిప్పాలనుకుంటే మాత్రం ముందుగా పోలీసుల అనుమతి అవసరం. సిక్కులు కిర్పాన్ ధరించడాన్ని రాజ్యాంగంలోని 25వ అధికరణం వివరణలోనే వారి మతాచరణలో భాగంగా గుర్తించారు. ఇతరుల ఆచారాలకు రాజ్యాంగంలో అలాంటి ప్రత్యేక వివరణ లేదు.

కొండ ప్రాంతాల నుంచి వచ్చేవారు మరొక విషయం గమనించాలి. తాతల నాటి కత్తులకు జింక కొమ్ముతో, కణుజు కొమ్ముతో చేసిన పిడులు ఉండవచ్చు. అలుగు సంగతి ఎలా ఉన్నా ఆ పిడి వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 పరిధిలోకి వస్తుంది. తగిన ధ్రువపత్రం లేకుండా దాన్ని కలిగి ఉండడం, అమ్మడం, రాష్ట్రాలు దాటించడం నేరమవుతుంది. అలాంటి కత్తిని మూటలో పెట్టుకొని బయలుదేరడం ఎంతమాత్రం తగదు.

విదేశాల్లోని తెలుగువారికి ఈ చిత్రం వేరుగా ఉంటుంది. అమెరికాలో కత్తుల చట్టాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. బటన్ కత్తుల అంతర్‌రాష్ట్ర వ్యాపారంపై 1958 నాటి ఫెడరల్ చట్టం ఆంక్షలు పెట్టింది. బ్రిటన్‌లో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం మూడు అంగుళాలకు మించని మడత చాకు తప్ప మరే కత్తినైనా బహిరంగ ప్రదేశంలో వెంట ఉంచుకోవడానికి తగిన కారణం చూపాలి. పనికోసం అన్నది అక్కడా తగిన కారణమే. పనిముట్టుకూ ఆయుధానికీ మధ్య గీత గీయడానికి ప్రతి దేశమూ ప్రయత్నిస్తూనే ఉన్నది.

ఇంత జాగ్రత్తపడినా పోలీసు స్టేషను మెట్లు ఎక్కవలసి రావచ్చు. నారాయణపట్న వైపు కుటుంబాలకు స్టేషను అన్న మాటలోనే ఒక బరువు ఉన్నది. 2009 నవంబరు 20న నారాయణపట్న పోలీసు స్టేషను దగ్గర జరిగిన కాల్పుల్లో చాసీ ములియా ఆదివాసీ సంఘ నాయకుడు సింగన్న సహా ఇద్దరు మరణించారు. ఆ తరువాత పెక్కుమంది అరెస్టయ్యారు. ఆ ఘటనపై తీర్పు చెప్పడం ఈ ప్రసంగం పని కాదు. అయితే ఆ జ్ఞాపకం ఉన్న ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఖాకీ చొక్కాను చూడగానే పరుగెత్తవచ్చు. పరుగెత్తడమే అనుమానానికి మొదటి సాక్ష్యమవుతుంది. కాబట్టి హక్కులు తెలిసి ఉండడం వారికి అందరికంటే ఎక్కువ అవసరం.

ఏడేళ్ల లోపు శిక్ష గల నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదు. అవసరం లేనప్పుడు సంహితలోని 35వ సెక్షన్ కింద హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఆ కారణాలను అరెస్టయిన వ్యక్తికి అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా అందజేయాలి. వెంటనే రాసి ఇవ్వడం సాధ్యం కాకపోతే మొదట నోటితో చెప్పి, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా రాసి ఇవ్వాలి. తెలుగు తప్ప మరొక భాష రానివారు పరాయి రాష్ట్రంలో ఈ మాట అడగడానికి సంకోచించనక్కరలేదు. ఇరవైనాలుగు గంటలలోగా, ప్రయాణ సమయం మినహాయించి, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలన్నది రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన రక్షణ. ఇష్టమైన న్యాయవాదితో మాట్లాడే హక్కు కూడా అక్కడిదే. స్త్రీని స్త్రీయే, మర్యాదకు భంగం కలగకుండా సోదా చేయాలి. సోదాను, స్వాధీనాన్ని ఆడియో, వీడియోగా చిత్రీకరించాలని సంహితలోని 105వ సెక్షన్ చెబుతున్నది. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో కత్తి వర్ణన, కొలతలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. చదవడం రానివారు చదివించుకున్న తరువాతనే సంతకమో వేలిముద్రో వేయాలి. పొడవు ఒక అంగుళం ఎక్కువ రాసినా కేసు స్వరూపమే మారిపోవచ్చు.

న్యాయవాదికి డబ్బు లేదన్న చింత అక్కరలేదు. న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1987 ప్రకారం స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. 15100 నంబరుకు ఫోను చేసి సహాయం కోరవచ్చు. ప్రతి జిల్లాలోనూ న్యాయసేవల సంస్థ ఉంటుంది. కోరాపుట్ జిల్లా న్యాయస్థానం జయపురంలో ఉన్నందున ఆ జిల్లావారు అక్కడికి వెళ్లాలి.

చివరగా ఒక మాట. కత్తి పట్ల సమాజానికి ఉన్న భయం నిష్కారణం కాదు. గొడవల్లో, తాగుడు రాత్రుల్లో కత్తులు తీసిన ప్రాణాలు ఎన్నో ఉన్నాయి. చట్టం ఆ ప్రాణాల పక్షాన నిలబడింది. అదే చట్టం కొడవలితో బతికేవాని పక్షానా నిలబడిందని తెలిసినప్పుడే అది అందరి చట్టమవుతుంది. పనివాడు తన పనిముట్టును పని పూర్తికాగానే శుభ్రం చేసి, చుట్టి, బండి అడుగున పెట్టి తాళం వేయడం ఆ చట్టానికి అతడు చెల్లించే గౌరవం. సంచి తెరవమన్న అధికారి మొదట మాట విని, ఆ తరువాత నిర్ణయించడం ఆ గౌరవానికి తగిన జవాబు.

రెండవ విధంగా ప్రయాణించిన యువకుడు నగరం చేరి బండి దగ్గర నిలబడి ఉంటాడు. పొద్దున్నే మూట విప్పి, గోనె మడతలు తీసి, తండ్రి కత్తితో మొదటి బొండం కొట్టి ఉంటాడు. రాత్రి మళ్లీ అదే గోనెలో చుట్టి పెడతాడు. సంక్రాంతికి ఊరు వెళ్లేటప్పుడు మేనమామకు కొత్త పంచె తీసుకుపోతాడేమో గాని, కత్తిని మాత్రం మేస్త్రీ దగ్గర భద్రపరచి వెళితే మంచిది. పండుగకు పోయేవాడికి పనికత్తితో పని లేదు. అవసరం లేని చోటికి తీసుకుపోకపోతే వివరణ ఇచ్చుకోవలసిన అవసరమూ ఉండదు.

శుభం భూయాత్.